ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలా: చిట్కాలు పక్కన పెట్టి అసలు కారణం పట్టుకోండి

నలుగురిలో మాట్లాడాలంటే భయం, ఏం చేయాలి? ఇంటర్వ్యూలో అన్నీ తెలిసీ నోరు పెగలడం లేదు, ఎలా? ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు తప్పు నాదేనేమో అనిపిస్తుంది, దీనికి దారేమైనా ఉందా? మాటలు వేరైనా అడిగేది ఒకటే. మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఈసారి మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాసేస్తున్నాను.

అద్దం ముందు నిలబడి నేను సాధించగలను అని వందసార్లు అనుకోండి, ఛాతీ విరుచుకుని నిలబడండి, కళ్లలోకి చూసి మాట్లాడండి లాంటివి ఇందులో ఉండవు. రెండు నిమిషాలు ఠీవిగా నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయని 2010లో ఒక పరిశోధన వచ్చింది, ప్రపంచమంతా అలా నిలబడింది. 2015లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. 2016లో మొదటి పరిశోధన చేసినవాళ్లలో ఒకరే, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని చెప్పేశారు. అంటే నిటారుగా నిలబడొద్దని కాదు, నిలబడండి. అక్కడితో పని అయిపోయిందనుకోకండి, అంతే.

కాన్ఫిడెన్స్ లేకపోవడం జ్వరం లాంటిది. అది పైకి కనిపించేది మాత్రమే, లోపల ఏముందో మనిషి మనిషికీ వేరు. అందరికీ ఒకే మాత్ర ఇస్తే కొందరికి తగ్గుతుంది, కొందరికి రెండు రోజులు తగ్గినట్టుండి మళ్లీ వస్తుంది. చాలామంది విషయంలో జరుగుతున్నది ఆ రెండోదే.

కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు కానీ మధ్యలో మెసేజ్ వచ్చిందంటే మనసు అటే పోతుంది కాబట్టి కాగితమే నయం. రోజుకు ఇరవై నిమిషాలు, ఎవరూ పిలవని సమయం. ఓ ఆరు వారాల ఓపిక. వీలైతే మిమ్మల్ని ఎగతాళి చేయకుండా, అలాగని ఊరికే పొగడకుండా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒకరు. అలాంటివాళ్లు దొరక్కపోయినా పని ఆగదు.

1. ముందు ఆ పెద్ద వాక్యాన్ని ముక్కలు చేయండి

నాకు కాన్ఫిడెన్స్ లేదు అనే వాక్యంతో ఏమీ చేయలేం, మరీ పెద్దది. ఈ మధ్య జరిగిన మూడు సంఘటనలు రాయండి. ఎక్కడ, ఎవరి ముందు, ఏం చేయాల్సి వచ్చింది, మీరేం చేశారు, ఒంట్లో ఏమనిపించింది. ఆఫీసులో మాట్లాడలేకపోయాను అని రాస్తే సరిపోదు. పై ఆఫీసరు ఉన్న మీటింగ్‌లో, నా పని గురించే చర్చ జరుగుతుంటే, చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది, చేతులు చల్లబడ్డాయి. అంత వివరంగా ఉండాలి.

దాని పక్కనే, ఏ తడబాటూ లేకుండా చేసే పనులు మూడు రాయండి. వంట కావచ్చు, బండి నడపడం కావచ్చు, చిన్న పిల్లలకు లెక్కలు చెప్పడం కావచ్చు. ఇది చాలామంది వదిలేస్తారు, అక్కడ నాకు భయమే లేదు కదా ఎందుకు రాయడం అంటారు. భయం లేదు కాబట్టే రాయాలి. ఈ రెండు జాబితాలకూ తేడా ఏమిటో చూస్తేనే కారణం ఎటువైపు ఉందో తెలుస్తుంది.

2. మీది ఏ రకమో తేల్చుకోండి

ఒక్కో సంఘటననూ ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి.

ఎవరూ చూడకపోతే ఈ పని బాగా చేయగలనా? చేయలేను అనేది నిజాయితీగా మీ జవాబైతే లోపం పనితనంలో ఉంది, మనసులో కాదు. నేర్చుకోవాలి, సాధన చేయాలి. నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి.

ఇదే పని వేరే మనిషి ముందు హాయిగా చేయగలనా? చేయగలిగితే సమస్య మీరు కాకపోవచ్చు, ఆ మనిషో ఆ చోటో కావచ్చు. 8వ మెట్టు చూడండి.

కొన్ని నెలల క్రితం దాకా బాగానే ఉండి, ఈ మధ్య అన్నింట్లోనూ ఒకేసారి ధైర్యం జారిపోయిందా? నిద్ర సరిగా లేకపోవడం, రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, డిప్రెషన్, ఇవన్నీ మనిషిని నీరసపరిచి నావల్ల కాదు అనే భావం తెస్తాయి. ముందు డాక్టరుకు చూపించుకోండి, ఈ నోట్‌బుక్ పని తర్వాతైనా చేయొచ్చు.

చేతనవును, మనుషులూ మంచివాళ్లే, ఆరోగ్యమూ బాగుంది, అయినా ఎప్పటినుంచో ఇంతే, ఎక్కడికెళ్లినా ఇంతే అంటారా? అయితే లోపల ఒక పాత తీర్పు పాతుకుపోయి ఉంది. 3వ మెట్టు నుంచి 6 దాకా మీ కోసమే.

రెండు మూడు కారణాలు కలిసి ఉండటం మామూలే. అప్పుడు పనితనం లోపం ముందు సరిచేయండి. అది తేలిక, దాంతో మిగతావి కూడా కొంత సడలుతాయి.

3. కిందికి తవ్వండి

తవ్వేటప్పుడు ఎందుకు అని అడగకండి. ఎందుకు మాట్లాడలేదు అంటే మనసు వెంటనే సాకు వెతుకుతుంది, టైమ్ లేదు, వాళ్లు వినరు, అవసరం లేదనిపించింది అంటుంది. దాని బదులు, అలా జరిగితే ఏమవుతుంది, దాన్నిబట్టి నా గురించి ఏం తేలినట్టు అని అడగండి. మాటల వైద్యంలో సైకాలజిస్టులు చాలా కాలంగా వాడుతున్న పద్ధతే ఇది. కాగితం మీద ఇలా ఉంటుంది:

మీటింగ్‌లో ఒక ఆలోచన వచ్చింది, చెప్పలేదు.
చెప్తే ఏమయ్యేది? ఎవరో ఒకరు ప్రశ్న వేసేవాళ్లు.
వేస్తే? నాకు జవాబు తెలియకపోవచ్చు.
తెలియకపోతే? నాకు విషయం లేదని అందరికీ అర్థమైపోతుంది.
అర్థమైతే నా గురించి ఏం తేలినట్టు? ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను, నిజానికి నాకేమీ రాదు.
అది నిజమైతే? నన్నెవరూ లెక్కచేయరు.

చూశారా, మొదలైంది మీటింగ్ దగ్గర, తేలింది ఎక్కడో. ఇక ఇలా రాసుకున్న మనిషికి మాట్లాడటం ఎలా అనే క్లాసులు ఎన్ని పెట్టిస్తే మాత్రం ఏం లాభం? మాట్లాడటం ఆయనకు వచ్చు. దొరికిపోతానేమో అన్నదే భయం. పైకి బాగా రాణిస్తున్నవాళ్లలోనే ఈ దొరికిపోతానన్న భయం ఉంటుందని పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లోనే రాశారు, కాబట్టి మీకొక్కరికే ఉన్న వింత రోగమేమీ కాదు.

ఎక్కడ ఆపాలి? అదే వాక్యం మాటలు మార్చుకుని మళ్లీ వస్తుంటే, లేదా ఒక వాక్యం రాయగానే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అనిపిస్తే, అదే అడుగు. సాధారణంగా అది చాలా చిన్న వాక్యం అయి ఉంటుంది. నేను చేతకానివాణ్ణి. నేనెవరికీ అక్కర్లేదు. నేను తప్పు చేస్తే ఎవరూ నాతో ఉండరు.

జాగ్రత్త: తవ్వుతుంటే దెబ్బలు, వేధింపు, ఇంట్లో హింస లాంటి జ్ఞాపకాలు పైకొచ్చి ఊపిరాడనట్టు అయితే అక్కడే పుస్తకం మూసేయండి. అది ఒంటరిగా చేయాల్సిన పని కాదు, సైకాలజిస్టు దగ్గర కూర్చుని చేయాలి. నెట్టుకుంటూ వెళ్లడం ధైర్యమేమీ కాదు.

4. ఆ తీర్పు ఎవరిదో, ఎప్పటిదో చూడండి

ఒక్క పేజీ చాలు. ఈ మాట మొదట ఎప్పుడు అనిపించింది, అప్పుడు నా వయసెంత, ఎవరి నోట విన్నాను. తరగతిలో అందరి ముందు నిలబెట్టి నవ్వించిన మాస్టారు కావచ్చు, ప్రతి పరీక్ష తర్వాత పక్కింటి పిల్లాడి మార్కులతో పోల్చిన తల్లిదండ్రులు కావచ్చు. ఎనిమిదేళ్ల పిల్లాడు పెద్దవాళ్ల మాటను ప్రశ్నించలేడు, నిజమని రాసేసుకుంటాడు. ఇప్పుడు మీకు ముప్పై ఏళ్లొచ్చాయి, తీర్పు మాత్రం ఎనిమిదేళ్ల పిల్లాడు రాసుకున్నదే.

దీన్ని అమ్మానాన్నల మీద కేసు పెట్టే పనిగా మార్చకండి. తీర్పు ఎక్కడిదో తెలిస్తే చాలు, వాళ్లకు ఫోన్ చేసి నిలదీయడం ఈ మెట్టులో భాగం కాదు. గుర్తురాకపోయినా ఫర్వాలేదు, పుట్టుక తెలియకపోయినా తీర్పును పరీక్షించవచ్చు.

5. మీరు వాడుతున్న ఊతకర్రలు రాయండి

నా లెక్కలో అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు ఇదే, జనం చూడకుండా దాటేసేదీ ఇదే.

లోపల ఆ తీర్పు పెట్టుకుని రోజులు గడపాలంటే మనిషి కొన్ని జాగ్రత్తలు కనిపెట్టుకుంటాడు. చెప్పబోయే ప్రతి వాక్యం లోపల మూడుసార్లు వల్లె వేసుకోవడం, ఈలోగా చర్చ వేరే విషయానికి వెళ్లిపోవడం. ఎప్పుడూ చివరి వరసలో కూర్చోవడం. తప్పైతే క్షమించండి, ఇది పిచ్చి ప్రశ్నేమో అని ముందే అనేసి తర్వాత అడగడం. ఒక మెయిల్ పంపడానికి పదిసార్లు చదవడం, పంపాక మళ్లీ తెరిచి చదవడం. ఎవరేమడిగినా కాదనలేకపోవడం. మెచ్చుకుంటే వెంటనే అబ్బే, ఏదో అలా కుదిరింది అనడం. అవసరం లేని చోట నవ్వేయడం.

ఇవన్నీ మిమ్మల్ని కాపాడుతున్నట్టే ఉంటాయి, కానీ గెలిచిన ప్రతిసారీ ఆ పేరు ఇవే కొట్టేస్తాయి. మీటింగ్ బాగా జరిగిందనుకోండి, నాకు చేతనైంది అని మనసు రాసుకోదు, అన్నీ వల్లె వేసుకున్నాను కాబట్టి బతికిపోయాను అని రాసుకుంటుంది. అందుకే పదేళ్ల అనుభవం ఉన్నా, ప్రమోషన్లు వచ్చినా, లోపలి తీర్పు మాత్రం ఇసుమంతైనా కదలదు.

మీవి ఎన్ని ఉన్నాయో రాయండి. ఐదారు కంటే తక్కువ దొరికాయంటే ఇంకోసారి వెతకండి, పక్కనుండే మనిషిని అడగండి, వాళ్లకు మీ కంటే బాగా తెలుసు.

6. ఒక ఊతకర్ర వదిలి చూడండి, ఏం జరిగిందో రాయండి

అన్నీ ఒకేసారి వదలొద్దు. తేలికైనది ఒకటి ఎంచుకోండి. వదిలే ముందు, ఏం జరుగుతుందని భయపడుతున్నారో రాసి, ఆ భయం మీద మీకెంత నమ్మకముందో 0 నుంచి 100లోపు అంకె వేయండి. ముందే రాయడం తప్పనిసరి. తర్వాత రాస్తే మనసు, నాకు ముందే తెలుసు బాగానే జరుగుతుందని, అనేస్తుంది, పాఠం దక్కదు.

ఉదాహరణకు, ముందు వల్లె వేసుకోకుండా, క్షమాపణ చెప్పకుండా మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగడం. ఊహించింది: అందరూ వింతగా చూస్తారు, ఇది కూడా తెలియదా అంటారు, నమ్మకం 80. జరిగింది: ఒకరు జవాబు చెప్పారు, ఇద్దరు ఫోన్ చూసుకుంటున్నారు, ఒకరు ఆ డౌట్ నాకూ ఉంది అన్నారు. ఇప్పుడు నమ్మకం 50.

ఆ ఫోన్ చూసుకుంటున్న ఇద్దరి గురించి ఇంకో మాట. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో, వేసుకోవడానికి సిగ్గనిపించే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను ఒక గదిలోకి పంపారు. గదిలో ఉన్నవాళ్లలో సగం మందిదాకా గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు, నిజానికి గమనించింది నాలుగో వంతే. మన తప్పులు మనకు కనిపించినంత పెద్దగా ఎదుటివాళ్లకు కనిపించవు, వాళ్ల గోల వాళ్లది.

కాస్త అలవాటయ్యాక ఇంకో రకం పరీక్ష చేయండి, కావాలనే చిన్న తప్పు చేయడం. తెలిసిన జవాబే అయినా, కొంప మునగని విషయంలో, నాకు తెలియదండీ కనుక్కుని చెప్తాను అనండి. మెయిల్ ఒక్కసారే చదివి పంపేయండి. దొరికిపోతానన్న భయం ఉన్నవాళ్లకు ఇది చేదుగా ఉంటుంది, కానీ తప్పు చేశాక కూడా మర్యాద అలాగే ఉందని కళ్లారా చూడటం వాళ్లకు వేరే ఏ దారిలోనూ కుదరదు.

వారానికి మూడు పరీక్షలు చాలు. ఏదైనా నిజంగానే బెడిసికొడితే, అంటే ఎవరైనా నిజంగానే వెక్కిరిస్తే, అదీ రాయండి, తర్వాత ఎంతసేపు బాధగా ఉంది, మర్నాటికి ఏం మారింది అనేది కూడా. ఎక్కువసార్లు ఏమీ మారదు. ఉద్యోగానికో భద్రతకో ముప్పున్న చోట మాత్రం ఇలాంటి ప్రయోగాలు పెట్టుకోకండి.

7. లోపం పనితనంలోనే ఉంటే

ఇక్కడ మనసును తవ్వడం దండగ. ఇంగ్లిష్ రాక ఇంటర్వ్యూలో తడబడేవాడికి కావలసింది ఇంగ్లిషే. మనిషికి ఒక పని చేయగలనన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లో నాలుగు మూలాలుగా చెప్పారు: స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేయడం చూడటం, ఎదుటివాళ్లు నువ్వు చేయగలవు అనడం, ఆ సమయంలో మన ఒంటి పరిస్థితి. వీటిలో బలమైనది మొదటిదే. ప్రోత్సాహం మాటలకు ఉన్న బలం దాని ముందు తక్కువ, మనం మాత్రం స్ఫూర్తి వీడియోలు చూస్తూ ఎక్కువ సమయం అక్కడే గడుపుతాం.

కాబట్టి పనిని చిన్న ముక్కలుగా కోయండి. పదిసార్లు చేస్తే ఏడెనిమిదిసార్లు కుదిరేటంత కష్టం పెట్టుకోండి. ప్రతిసారీ కుదిరితే మరీ తేలిక, సగం కూడా కుదరకపోతే మరీ బరువు. గురువుగా ఆ రంగంలో ఆరితేరినవాళ్ల కంటే, మీకంటే రెండడుగులు ముందున్నవాళ్లే ఎక్కువ పనికొస్తారు. వాళ్లకు ఎక్కడ తడబడ్డారో ఇంకా గుర్తుంటుంది.

8. సమస్య మనిషిదో చోటుదో అయితే

రోజూ తీసిపారేసే మనిషి పక్కన ఉంటే ఎవరికైనా ధైర్యం జారుతుంది. మీరు పుస్తకాలు చదివి మారాల్సిన పనేమీ లేదు. ముందు ఒక్కసారి సూటిగా, గొంతు పెంచకుండా చెప్పి చూడండి: నా పనిలో తప్పుంటే విడిగా చెప్పండి సరిచేసుకుంటాను, అందరి ముందు అలా అనొద్దు. మారితే సరే. మారకపోతే ఆ మనిషితో మాటలు పని వరకే ఉంచుకుని, టీమ్ మారడమో చోటు మారడమో చూడండి, వెంటనే కుదరకపోతే మీ విలువ తెలిసినవాళ్లతో గడిపే సమయం పెంచండి. మనిషి మీ మీద చెయ్యి చేసుకునేంతవరకూ వచ్చి ఉంటే మాత్రం ఈ సూటిగా చెప్పడాలు వద్దు, ముందు బయటి సాయం తీసుకోండి.

9. కొత్త వాక్యం రాసుకోండి

నాలుగైదు వారాల పరీక్షలయ్యాక పాత తీర్పు పక్కన, చేతిలో ఉన్న రుజువులకు సరిపడా ఒక వాక్యం రాయండి. నాకేమీ రాదు అన్నదాని పక్కన నేను గొప్పవాణ్ణి అని రాయకండి. నా పనిలో చాలావరకు నాకు వచ్చు, రానిది అడిగి తెలుసుకోగలను, అడిగినప్పుడు ఎవరూ నన్ను తక్కువగా చూడలేదు. చప్పగా ఉంది కదా, ఉండనీయండి, నమ్మగలిగేలా ఉండటమే ముఖ్యం. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లు నేను ప్రేమించదగ్గ మనిషిని అని మనసులో వల్లె వేసుకుంటే, వేసుకోనివాళ్లకంటే దిగులుగానే కనిపించారు. నమ్మని మాట పైకి అంటుంటే లోపలి గొంతు అబద్ధం అబద్ధం అని ఇంకా గట్టిగా అరుస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

తవ్వడంలోనే ఉండిపోవడం. కారణం తెలిసింది కదా ఇక మారిపోతానని కూర్చుంటారు, ఇంకా లోతైన కారణం ఉందేమోనని నెలల తరబడి వెతుకుతారు. 3, 4 మెట్లకు వారం మించి పెట్టొద్దు. తెలుసుకోవడం వల్ల తీర్పు మారదు, 6వ మెట్టులోని రుజువుల వల్ల మారుతుంది.

ముందు ధైర్యం రావాలి, తర్వాతే చేస్తాను అనుకోవడం. వరస తిరగబడింది. గుండె దడదడలాడుతుండగానే చేయాలి.

భయం వేసింది కాబట్టి పరీక్ష ఫెయిల్ అని రాసుకోవడం. భయం వేస్తుందా లేదా అన్నది పరీక్షే కాదు. ఊహించింది జరిగిందా లేదా, అంతే చూడండి.

ఎదుటివాళ్ల ముఖాలు చదివి ఫలితం రాయడం. ఆవిడ ముఖం చిట్లించింది అనేది రుజువు కాదు, ఆవిడకు తలనొప్పి అయ్యుండొచ్చు. అన్న మాట, చేసిన పని మాత్రమే రాయండి.

పాత ఊతకర్ర వదిలి కొత్తది పట్టుకోవడం. వల్లె వేయడం మానేసి, మాట్లాడినంతసేపూ గ్లాసు గట్టిగా పట్టుకుని ఉండటం లాంటివి. ఇది చాలా తెలివిగా జరుగుతుంది, ప్రతి వారం జాబితా ఒకసారి తిరగేయండి.

ఫలితం వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఈరోజు కాన్ఫిడెంట్‌గా ఉన్నానా అని రోజూ తడుముకోకండి, అది వాతావరణంలా మారుతుంటుంది. రెండు వారాలకోసారి వీటిని చూడండి: ఊతకర్రల జాబితాలో ఎన్ని కొట్టేశారు, పరీక్షల్లో ఊహించినదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉంటోంది, ఒక తప్పు జరిగాక దాన్ని తలచుకుంటూ ఎంతసేపు నలిగిపోతున్నారు. అన్నిటికంటే ముందు మారేది ఆ చివరిదే. మునుపు మూడు రోజులు తొలిచేసిన విషయం ఒక పూటకు దిగిందంటే పని జరుగుతున్నట్టే, పైకి మీరింకా తడబడుతున్నా సరే.

అంకె కావాలనుకునేవాళ్లు తమ మీద తమకు ఎంత గౌరవం ఉందో కొలవడానికి మోరిస్ రోజెన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1965లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నావళి వాడుకోవచ్చు. మొదలుపెట్టిన రోజు ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి, అంతకంటే తరచుగా వద్దు.

ఆరు వారాలు నిజాయితీగా చేసినా ఏదీ కదలకపోతే ముందు 2వ మెట్టుకు వెనక్కి వెళ్లండి, రకం తప్పుగా తేల్చుకుని ఉండొచ్చు. దిగులు రెండు వారాలకు మించి రోజంతా ఉంటున్నా, భయం వల్ల ఉద్యోగమో చదువో మానేసే పరిస్థితి వచ్చినా ఆరు వారాలు ఆగక్కర్లేదు, వెంటనే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆ రోజే, ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి. మామూలుగా వెళ్లేటప్పుడైతే ఈ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి, మొదటి రెండు మూడు సిట్టింగుల్లో వాళ్లు అడిగేవి చాలావరకు అందులో ఉంటాయి.